వీపు చూపించే పక్షి

మా ఇంట్లో ఉన్న ఆల్బమ్‌లన్నీ ఈమధ్య ఒకసారి ముందేసుకుని కూర్చున్నాను. పెళ్ళిళ్ళు, బారసాలలు, గృహప్రవేశాలు, తిరుపతిలో గుండు చేయించుకుని తీయించుకున్నవి. ఎన్ని పేజీలు తిప్పినా ఒక్క మనిషి వీపూ కనబడలేదు. తలంబ్రాలు పోస్తున్న పెళ్ళికూతురు కూడా పెళ్ళికొడుకు నెత్తి మీద చేతులుంచి ఫొటోగ్రాఫర్ వైపే చూస్తోంది. "ఇటు చూడండమ్మా, కొంచెం తలెత్తండి" అన్న మాట వినబడకుండా మన దగ్గర ఏ శుభకార్యమూ ముగియదు. ఆ మాట ఎందుకో కొంతకాలంగా నన్ను వదలడం లేదు. మా అమ్మను తలుచుకుంటే నాకు ముందుగా కనబడేది ఆమె ముఖం కాదు, వీపు. పొయ్యి ముందు, నూతి దగ్గర, దేవుడి గూటి ఎదుట వంగిన వీపు. చిన్నపిల్లగా నేను వెనకాల నిలబడి చూసినది అదే కదా. ఆమె తన పనిలో తానుండగా, ఎవరో చూస్తున్నారని తెలియకుండా ఉన్నప్పటి ఆమె ఆ వీపులో ఉంది. ఫొటోల్లో మాత్రం ఆమె బిగుసుకుని, పిలిస్తే వచ్చి నిలబడ్డ మనిషిలా ఉంటుంది. మరి ఏది నిజమైన చిత్రం? పిలిస్తే ఇటు తిరిగినదా, పిలవనప్పుడు అటు తిరిగి ఉన్నదా?

ఈ ప్రశ్న నాలో ముదిరింది దక్షిణాఫ్రికాలో, ఒక పక్షి వల్ల. మా చెల్లెలి కొడుకు డర్బన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాడికి పక్షుల ఫొటోల పిచ్చి. హైదరాబాదులో చదువుకునే రోజుల్లో తెల్లారకముందే లేచి అమీన్‌పూర్ చెరువుకో అనంతగిరి కొండలకో పోయేవాడు. డిసెంబరులో నేను అక్కడికి వెళ్ళినప్పుడు, "పెద్దమ్మా, నీకు సముద్రం చూపించను, అది విశాఖలోనూ ఉంది. అడవి చూపిస్తాను" అని ఎషోవే ఊరికి తీసుకెళ్ళాడు. డర్బన్ నుంచి ఉత్తరంగా, జులూ ప్రజల సీమలో, గుట్టల మీద ఉంటుంది ఆ ఊరు. దారి పొడుగునా చెరుకు తోటలు. ఆ చెరుకును దాటి ఊళ్ళోకి అడుగుపెడితే, ఇళ్ళ పక్కనే డ్లింజా అడవి. సుమారు 250 హెక్టార్లు, అంతే. మన దగ్గర పెద్ద చెరువు ఆయకట్టు అంతకన్నా ఎక్కువే ఉంటుంది. కానీ లోపలికి పది అడుగులు వేశాక ఊరి చప్పుడు ఆగిపోతుంది. నేలకు సుమారు 10 మీటర్ల ఎత్తున, కొమ్మల మధ్యగా ఒక చెక్క వంతెన కట్టారు. దాని చివర 20 మీటర్ల గోపురం. నేల మీద నడిచేవాడికి పక్షి ఎప్పుడూ నెత్తి మీదే ఉంటుంది, వంతెన మీద నిలబడినవాడికి కళ్ళెదురుగా వస్తుంది.

మేము వెతుకుతున్నది నరీనా ట్రోగన్. మగపక్షిని పుస్తకంలో చూస్తే కళ్ళు చెదురుతాయి. తల, రొమ్ము, వీపు మెరిసే ఆకుపచ్చ. పొట్టంతా దానిమ్మ గింజ ఎరుపు. కంటి దగ్గర, గొంతు దగ్గర నీలపు చర్మం. తోకతో కలిపి 30 సెంటీమీటర్లకు కొంచెం పైన ఉంటుంది గానీ, బరువు 70 గ్రాములు కూడా ఉంటుందో లేదో. ఇంత రంగు పెట్టుకున్న పక్షి ఎంత దూరం నుంచైనా కనబడాలి కదా? కనబడదు. మాకు దారి చూపిన జులూ పెద్దాయన ఈ ప్రాంతపు వాడే. అక్కడ బర్డ్‌లైఫ్ సౌతాఫ్రికా సంస్థ స్థానికులకు తర్ఫీదు ఇచ్చి గైడ్లను తయారుచేస్తుంది. పుస్తకాల్లో లేని చాలా సంగతులు వాళ్ళకు తెలుసు. ఆయన వంతెన మీద ఆగి, చెవి పక్కకు వంచి, లోతుగా, బొంగురుగా, రెండేసి స్వరాలుగా వస్తున్న ఒక కూతను మాకు వినిపించాడు. మొదట సన్నగా మొదలై పోనుపోను పెరిగే కూత. దూరంగా ఎవరో మనిషి మూలుగుతున్నట్టే ఉంది. "అక్కడే ఉంది, మనల్ని చూసి చాలాసేపైంది" అన్నాడు. ఎంత చూసినా నాకు ఆకులే కనబడ్డాయి. ఆయన వేలు చూపిన చోటే చూపు నిలిపితే, చాలాసేపటికి ఆకుల్లో ఒకటి తల తిప్పింది.

అది మాకు వీపు పెట్టుకుని కూర్చుంది. ట్రోగన్ల అలవాటే అంత. మనిషి అలికిడి వినబడితే కదలకుండా, పచ్చటి వీపును అలికిడి వైపు ఉంచి, ఎర్రటి పొట్టను అడవి లోపలికి తిప్పుకుని కూర్చుంటాయని చూసినవాళ్ళంతా చెబుతారు. భుజం మీదుగా తల తిప్పి మాత్రం మనల్ని గమనిస్తూ ఉంటాయి. అది తెలిసి చేస్తుందా, అలా కూర్చున్నవే డేగల నోట పడకుండా బతికి తమ అలవాటును పిల్లలకు ఇచ్చాయా, నేను చెప్పలేను. కానీ ఆ క్షణంలో నాకు మాత్రం అది ఒక నిర్ణయంలాగే అనిపించింది. లోకంలో అందమైనవన్నీ చూడమని పిలుస్తాయని ఎక్కడ నేర్చుకున్నాం మనం? దీని అందం తన జాతి ఆడదానికి ఉద్దేశించినది. మనకు ఉద్దేశించినది వీపే.

మా వాడు ట్రైపాడ్ సర్దుకుని, లెన్సు పూర్తిగా తెరిచి, ఐఎస్ఓ 3200 దాకా పెంచినా, షట్టర్ సెకనులో 60వ వంతుకు మించడం లేదు. అడవి లోపలి వెలుతురు అంత పలచన. పైగా అది తెల్లటి వెలుతురు కాదు. జాన్ ఎండ్లర్ అనే జీవశాస్త్రవేత్త 1993లో అడవుల్లోని వెలుతురు రంగు మీద రాసిన పెద్ద వ్యాసం ఒకటుంది. దట్టమైన నీడలోకి దిగే వెలుగు ఆకుల గుండా వడపోసుకుని పచ్చగా మారుతుందనీ, చిన్న సందుల్లోంచి పడే ఎండ ఎరుపు పసుపుల వైపు మొగ్గుతుందనీ, జంతువులు ఎప్పుడు కనబడాలో ఎప్పుడు దాగాలో ఆ తేడాను వాడుకుంటాయనీ ఆయన వాదన. ఆ వ్యాసం చదివినప్పుడు అర్థమైనదానికన్నా ఆ వంతెన మీద ఎక్కువ అర్థమైంది. నీడలో ఆ పక్షి వీపు ఆకు పచ్చ. అదే పొట్ట ఎండ సందులోకి వస్తే నిప్పు. ఒకే ఒంటి మీద రెండు వైపులా రెండు జీవితాలు పెట్టుకుంది.

ఆ రంగుల తయారీ కూడా ఆశ్చర్యమే. ట్రోగన్ వీపు మీది పచ్చదనం అద్దకపు రంగు కాదు. ఈకలో మెలనిన్ రేణువులు లోపల బోలుగా, గాలి నింపుకుని, పొరలు పొరలుగా పేర్చి ఉంటాయి. వాటి మీద పడిన వెలుగు విరిగి, కలిసి, పచ్చగా తిరిగొస్తుంది. ఈకను నూరి పొడి చేస్తే పచ్చదనం మిగలదు, ముదురు గోధుమ రంగు మట్టి మిగులుతుంది. పొట్ట మీది ఎరుపు మాత్రం తిండిలోంచి వచ్చే కెరొటినాయిడ్ల నుంచి పుట్టిన రంగు. అది చచ్చిన పక్షి మీద నిలవదు. మ్యూజియం పెట్టెల్లో వెలుగు తగిలేకొద్దీ ట్రోగన్ల ఎరుపు వెలిసిపోతుంది. అదే జులూ అడవుల్లో టురాకో అనే మరో పక్షి ఉంది, దానిది దీనికి పూర్తిగా ఎదురు. దాని రెక్కల ఎరుపు రాగి కలిసిన రంగు. 1869లో ఆర్థర్ హెర్బర్ట్ చర్చ్ అనే ఇంగ్లీషు రసాయన శాస్త్రవేత్త ఆ ఈకల రంగును విడదీసి చూస్తే అందులో రాగి తేలింది. దాని పచ్చదనం కూడా నిజమైన రంగే, వెలుగు ఆట కాదు. ఎస్వతీని రాజ్యంలో రాజకుటుంబం వాళ్ళు తలలో ధరించే ఎర్రటి ఈకలు ఆ టురాకోవే. తలలో పెట్టుకోవడానికి తగినట్టు ఉంటుంది ఆ ఎరుపు, వెలిసిపోదు. ట్రోగన్ ఎరుపును అలా దాచుకోలేం, ధరించలేం. బతికున్న పక్షి మీద, బతికున్న వెలుగులోనే దాన్ని చూడాలి. ఈ కారణానికే కెమెరా అవసరమైందేమో అని కూడా అనుకున్నాను. తుపాకీ కాలం నుంచి లెన్సు కాలానికి వచ్చాం, అది చిన్న సంగతి కాదు.

తుపాకీ కాలంలోనే ఈ పక్షికి పేరు వచ్చింది. ఫ్రాన్స్వా లెవయ్యాఁ అనే ఫ్రెంచి ప్రకృతి పరిశీలకుడు 1781 నుంచి 1784 వరకు కేప్ ప్రాంతమంతా తిరిగాడు. ఖోయ్‌ఖోయ్ ప్రజల్లో గొనాక్వా తెగకు చెందిన ఒక యువతి అతనికి పరిచయమైంది. ఆమె అసలు పేరు పలకడం అతనికి కష్టమైందట, అందుకని నరీనా అని తానే ఒక పేరు పెట్టాడు. తర్వాత ఈ పక్షికి ఆ పేరే ఇచ్చాడు. అతని యాత్రా గ్రంథంలో ఆమె బొమ్మ చెక్కి అచ్చువేశారు, ముఖం కనబడేలా. ముఖం దొరికింది, అసలు పేరు దొరకలేదు. రెండు వందల ఏళ్ళకు పైగా ఆమెను ప్రపంచమంతా చూస్తోంది, పక్షి ప్రేమికులు రోజూ ఆమె పేరు పలుకుతున్నారు. కానీ వాళ్ళమ్మ ఆమెను ఏమని పిలిచిందో ఎవరూ చెప్పలేరు. చూడడం వేరు, తెలుసుకోవడం వేరు అని నాకు ఇంత బాధగా ఎప్పుడూ అనిపించలేదు.

ఆ బాధకు మరో కారణం కూడా ఉంది. ఎషోవేకు వెళ్ళే దారిలో మేము దాటిన చెరుకు, నాటాల్ తీరం పొడుగునా అడవిని కొట్టి వేసిన చెరుకు. ఆ తోటల్లో పనికి 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ మొదటి కూలీలను డర్బన్‌లో దించింది. 1911లో అలా కూలీలను తెచ్చే పద్ధతి ఆగేలోపు లక్షన్నర మందికి పైగా వచ్చారు. అందులో విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్ళు ఎందరో. మా వాడి పొరుగింట్లో ఉండే పెద్దావిడ తెలుగు పూర్వికుల మనిషి. తెలుగు పండగల పేర్లు తప్ప ఆమెకు భాష మిగల్లేదు. కానీ తన ముత్తవ్వ వివరాలున్న ఓడ జాబితా నకలు తీయించి, దేవుడి గదిలో పెట్టుకుంది. అందులో నంబరు ఉంది, వయసు, కులం, ఊరు, ఎత్తు ఉన్నాయి. గుర్తు అన్న చోట ఎడమ మోచేతి మీద మచ్చ అని ఉంది. ఆ ముత్తవ్వ ముఖం ఎలా ఉండేదో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ కాగితం చేతిలో పట్టుకున్నప్పుడు, ఒక్క ఫొటో ఉంటే ఎంత బాగుండేది అని నాకూ ప్రాణం కొట్టుకుంది. అప్పుడు "ఇటు చూడు" అన్న మాట మీద నాకున్న అనుమానమంతా కొంత సడలింది. ఎవరూ ఇటు చూడమని అడగకపోవడం కూడా ఒక అన్యాయమే. అడిగేవాళ్ళు ఎవరు, ఎందుకు అడుగుతున్నారు అన్నదే కదా తేడా?

మళ్ళీ పక్షి దగ్గరికి వస్తాను. చాలాసేపు అది కదల్లేదు. మా వాడు మెల్లగా ఫోను తీసి, "దీని కూత రికార్డింగు ఉంది పెద్దమ్మా, ఒక్కసారి వినిపిస్తే చాలు, ఇటు తిరుగుతుంది" అన్నాడు. పక్షుల ఫొటోలు తీసేవాళ్ళకు ఇది తెలియని పద్ధతేమీ కాదు. మగపక్షి ఆ కూత విని, తన హద్దులోకి మరో మగపక్షి వచ్చిందనుకుని తరమడానికి వస్తుంది. నరీనా అయితే చప్పుడు చేయకుండా దగ్గరికి వచ్చి వాలుతుందని ప్రతీతి. పెద్దాయన వాడి చేతి మీద చెయ్యి వేశాడు. "గూడు కాలం బాబూ ఇది. నేను వినిపించను, నా వెంట వచ్చినవాళ్ళనూ వినిపించనివ్వను" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. ఎక్కడో దగ్గర్లో చెట్టు తొర్రలో గుడ్లు ఉండి ఉంటాయని, ఆడా మగా ఇద్దరూ వంతులవారీగా పొదుగుతాయని, లేని శత్రువు కోసం మగది పరుగెత్తుకొస్తే ఆ వంతు తప్పుతుందని చెప్పాడు. మా వాడు ఫోను జేబులో పెట్టేశాడు.

తర్వాత ఆయన చెప్పిన ఇంకో సంగతి నా మనసులో నాటుకుపోయింది. ట్రోగన్ల కాళ్ళు చాలా పొట్టివి, బలం లేనివి. వేళ్ళు రెండు ముందుకు, రెండు వెనక్కి ఉంటాయి. చిలకలకూ వడ్రంగి పిట్టలకూ అలాగే ఉంటాయి గానీ, వెనక్కి తిరిగిన వేళ్ళు ట్రోగన్లకు వేరు, ఆ అమరిక మరే పక్షి కుటుంబంలోనూ లేదు. ఆ కాళ్ళతో కొమ్మను పట్టుకోగలవు, నడవలేవు. కూర్చున్న చోటే వెనక్కి తిరగాలన్నా రెక్కలు విప్పి గాలిలోకి లేవాల్సిందే. అంటే పెళ్ళికూతురితో "ఇటు చూడమ్మా" అన్నంత తేలిక కాదు ఈ పక్షితో అనడం. ఇటు తిరగమని అడగడమంటే, నీ చోటు వదిలి లే అనడమే. దాని వీపు వెనక ఇంత ఉంది. మనకు ఎర్రటి పొట్ట చూడాలన్న ఒక్క క్షణపు ముచ్చట, దానికి దాగిన చోటు పోగొట్టుకోవడం.

పాలపిట్ట గుర్తొచ్చింది నాకు. తెలంగాణ రాష్ట్ర పక్షి. కూర్చున్నప్పుడు మట్టి రంగు, రెక్క విప్పితే నీలం. ట్రోగన్ దాచేది పొట్టలో, పాలపిట్ట దాచేది రెక్కలో. దసరానాడు దాన్ని చూస్తే శుభమని మన పెద్దలు జమ్మిచెట్టుకు మొక్కి ఊరి పొలిమేర దాటి పొలాల్లో వెతికేవారు. వెతకడమే అందులో సగం పండగ. కనబడకపోతే మళ్ళీ ఏడు చూద్దామనుకుని ఇంటికొచ్చేవారు. ఇప్పుడు కొన్నిచోట్ల దాన్ని పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి ఇంటింటికీ తెచ్చి డబ్బులకు చూపిస్తున్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. ఏటా దసరా ముందు అటవీ శాఖ హెచ్చరిస్తూనే ఉంటుంది. రెక్క కట్టిన పాలపిట్టలో నీలం ఎక్కడ కనబడుతుంది? కానీ చూసినవాడు చూశాననే అనుకుంటాడు. రికార్డింగు వినిపించి రప్పించిన పక్షి ఫొటోకూ దీనికీ ఉన్న దూరం ఎంత అని నాలో నేను చాలాసార్లు తర్కించుకున్నాను. దూరం ఉంది, ఒకటి కాదు. ఫొటో తీసినవాడు పక్షిని చంపడు, కట్టడు. ఆ ఫొటో చూసి ఎక్కడో ఒక పిల్ల అడవి అంటే ఇష్టపడుతుంది, ఆ ఇష్టమే రేపు ఆ 250 హెక్టార్లు చెరుకు కాకుండా కాపాడవచ్చు. అందమైన ఫొటోలు లేకపోతే ఈ పక్షుల తరఫున మాట్లాడే మనుషులు ఇంతమంది ఉండేవారా? ఉండేవారు కాదనే నా నమ్మకం. అయినా చూడాలన్న కోరికకు వేచి ఉండడం అన్న నియమం పోతే, రెండు దారులూ ఒక వైపుకే పోతాయన్న భయం నన్ను వదలదు.

మా వాడు తీసిన ఫొటో మా ముందు గదిలో పెట్టుకున్నాను. పచ్చటి వీపు, సగం తిప్పిన తల, ఒక నల్లటి కన్ను, నీలపు చర్మం అంచు. కుడివైపు పొట్ట పక్కగా ఎరుపు ఒక గీతంత మాత్రం తెలుస్తుంది. వచ్చినవాళ్ళంతా ముందు వైపు ఫొటో లేదా అని అడుగుతారు. లేదంటాను. నాకు తెలిసిన నరీనా ట్రోగన్ ఫొటోల్లో ఇదే మంచిదని నా తీర్పు. ఎందుకంటే ఇందులో ఆ పక్షి ఎలా బతుకుతుందో ఉంది. దాని అడవి వెలుతురు ఉంది, దాని జాగ్రత్త ఉంది, అది మనల్ని చూస్తున్న చూపు కూడా ఉంది. పొట్ట ఎరుపు ఎంతని పుస్తకాల్లో ఎలాగూ వేసి ఉంది.

మన తూర్పు కనుమల్లోనూ ట్రోగన్ ఒకటి ఉంది, మలబార్ ట్రోగన్. మగదానికి నల్లటి తల, గోధుమ వన్నె వీపు, ఎర్రటి పొట్ట. నీడలోనే ఉంటుంది, కదలకుండా కూర్చుంటుంది. కెమెరాలు పట్టుకుని అడవులకు వెళ్ళే మన పిల్లలు ఇప్పుడు వేలల్లో ఉన్నారు. కొందరు ఆఫ్రికా దాకా వెళుతున్నారు, అది చూస్తే నాకు సంతోషంగా ఉంటుంది. వాళ్ళను నేను అడిగేది ఒక్కటే. అక్కడైనా ఇక్కడైనా గూడు కట్టే నెలల్లో ఫోనులో పక్షి కూత వినిపించకండి. వీపు దొరికితే వీపే తీసుకుని రండి.